వీకెండ్ మౌంటెన్ బైకింగ్‌కి చోటు ఎంచుకోవడం ఎలా?

వాట్సాప్ గ్రూపులో ఒకరు అరకు అంటారు, ఇంకొకరు వికారాబాద్ చాలంటారు, మూడో మనిషి ఎక్కడో చూసిన ఫొటో పెడతాడు. చర్చంతా ఊరి పేరు చుట్టూనే తిరుగుతుంది. నిజానికి ఊరి పేరు చివర్లో తేలాలి. మీలో అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల సత్తా ఎంత, చేతిలో ఎన్ని గంటలున్నాయి, ఆ వారం నేల ఎలా ఉంటుంది, అడవిలోకి వెళ్లనిస్తారా అన్న నాలుగూ తేలితే ఊరు దానంతటదే మిగులుతుంది. హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల నుంచి బయల్దేరే నలుగురైదుగురి గ్రూపుని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

1. ముందు మనుషుల్నీ సైకిళ్లనీ లెక్కేయండి

అందరినీ ఒకటే ప్రశ్న అడగండి: గత నెలలో మట్టిదారి మీద ఒకే రోజు ఎక్కువలో ఎక్కువ ఎన్ని కిలోమీటర్లు తొక్కారు? తారు రోడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన యాభై కిలోమీటర్లు హాయిగా తొక్కేసే మనిషి రాళ్ల దారిలో పదిహేనుకే చేతులెత్తేయడం మామూలే. కాళ్లకంటే ముందు అరచేతులూ నడుమూ అలసిపోతాయి. వచ్చిన జవాబుల్లో అన్నిటికంటే చిన్న అంకె తీసుకోండి. దానికి పావు వంతు కలిపితే మీ శనివారం దూరం. ఆదివారానికి అందులో సగమో, కాస్త ఎక్కువో పెట్టుకోండి.

తర్వాత సైకిళ్ల సంగతి. గేర్లున్న ప్రతి సైకిలూ మౌంటెన్ బైక్ కాదు. టైరు వెడల్పు కనీసం 2 అంగుళాలు ఉందా, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఉన్నాయా, వెనకవైపు అతి పెద్ద పళ్లచక్రానికి 34 పళ్లయినా ఉన్నాయా చూడండి. గ్రూపులో ఒక్క హైబ్రిడ్ సైకిల్ (తారు రోడ్డుకీ మట్టికీ మధ్యరకంగా చేసిన సన్నటైర్ల సైకిల్) ఉన్నా మీరు చూడాల్సింది కొండ కాలిబాటలు కాదు, ఊళ్ల మధ్య బండిబాటలూ ఫారెస్టు జీపు దారులూ. ఆ ఒక్కరి కోసం అందరి ప్లానూ మారుతుంది. అది ఇష్టం లేకపోతే ఆయనకి అద్దె సైకిల్ చూడండి, అంతేగానీ 'ఎలాగోలా వచ్చేస్తాడులే' అనుకోవద్దు.

2. గంటల లెక్క

మట్టిదారి మీద కొత్తవాళ్ల సగటు వేగం గంటకి 8 కిలోమీటర్లు. అలవాటున్నవాళ్లు 11, 12 దాకా వెళ్తారు. పైకెక్కే ప్రతి 100 మీటర్లకీ పావుగంట కలపండి. ఆగడానికి గంటకి పది నిమిషాలు. ట్యూబ్ టైర్లతో ముళ్ల ప్రాంతానికి వెళ్తుంటే కనీసం రెండు పంక్చర్లు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు.

ఉదాహరణకి 24 కిలోమీటర్ల చుట్టు, మొత్తం ఎక్కుడు 450 మీటర్లు. దూరానికి 3 గంటలు, ఎక్కుడికి గంటా పది, ఆగడానికి నలభై నిమిషాలు, పంక్చర్లకి ఇంకో నలభై. మొత్తం ఐదున్నర గంటలు. ఆరున్నరకి బయల్దేరితే పన్నెండు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇది నడుస్తుంది. మార్చి దాటితే పదింటికల్లా నీడకి చేరాలి కాబట్టి ఇదే దారి మీకు పనికిరాదు, 14 కిలోమీటర్లది వెతుక్కోవాలి. చలికాలంలో ఇంకో చివర ఇబ్బంది: డిసెంబరులో అరకు వైపు ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, చెట్ల కింద అంతకు ముందే చీకటి. మధ్యాహ్నం తొక్కాలనుకుంటే మూడింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే మాట అనుకోండి.

3. ఎంత దూరం, సైకిళ్లు ఎలా తీసుకెళ్లాలి

ఒక్క రాత్రి బస అయితే కారులో మూడు గంటలకి మించిన చోటు పెట్టుకోవద్దు. సైకిళ్లు ఎక్కించి కట్టడానికి గంట, దించి బిగించడానికి ముప్పావు గంట పోతుంది. రానూపోనూ కలిపితే మూడున్నర గంటలు కట్టడం విప్పడంతోనే సరి.

కారు వెనక తగిలించే ర్యాకులు చాలావాటికి మూడు సైకిళ్లే పరిమితి, ఒక్కోటీ 15 కిలోల చొప్పున. మన దగ్గర మామూలు ధరకి దొరికే మౌంటెన్ బైకులు తూకానికి సరిగ్గా అక్కడే ఉంటాయి, కొన్ని దాటేస్తాయి. కాబట్టి బాటిళ్లు, బ్యాగులు, తాళాలు తీసేసి ఎక్కించండి. బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకి ఒకసారి ఆగి బెల్టులు మళ్లీ బిగించాలి, మొదటి నాలుగైదు స్పీడ్ బ్రేకర్లకే అవి వదులవుతాయి. సైకిళ్లు నంబరు ప్లేటునీ వెనక లైట్లనీ కప్పేస్తే పోలీసులు ఆపొచ్చు. ప్లేటూ లైట్లూ కనపడేలా సైకిళ్లు కట్టుకోవాలి.

బస్సు డిక్కీలో వేస్తే ముందు చక్రం, పెడల్స్ తీసి, గొలుసు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. చక్రం తీశాక బ్రేక్ ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క తప్పకుండా దూర్చాలి. హైడ్రాలిక్ బ్రేకుల్లో చక్రం లేనప్పుడు ఎవరి చెయ్యో తగిలి లివర్ నొక్కుకుపోతే ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, దిగాక డిస్క్ వాటి మధ్యకి దూరదు. స్క్రూడ్రైవర్‌తో విడదీసే హడావిడిలో ప్యాడ్ పెచ్చు లేచిపోతే ఆ వారాంతం అక్కడితో అయిపోయినట్టే. రైల్లో పార్సిల్ వేసేముందు దిగే స్టేషన్‌లో పార్సిల్ దించుతారో లేదో బుకింగ్ దగ్గరే అడగండి. చిన్న స్టేషన్లలో బండి రెండు నిమిషాలే ఆగుతుంది, మీరు దిగినా సైకిల్ ముందుకెళ్లిపోవచ్చు.

4. నేల చూడండి, తర్వాత నెల చూడండి

చోటు ఎంపికలో జనం అస్సలు పట్టించుకోనిది ఇదే, ట్రిప్పుల్ని ఎక్కువగా పాడుచేసేదీ ఇదే.

నల్లరేగడి మీద ఎండాకాలంలో ఇబ్బంది లేదు. ఒక్క గట్టి వాన పడితే మాత్రం రెండు మూడు రోజులు అటు వెళ్లొద్దు. తడి రేగడి టైరుకి చుట్టుకుంటుంది, నాలుగు మీటర్లు దొర్లేసరికి ఫోర్కుకీ చక్రానికీ మధ్య ముద్దకట్టి చక్రం ఆగిపోతుంది. కొత్తవాళ్లు అప్పుడు ఇంకా గట్టిగా తొక్కుతారు. గేర్లు మార్చే వెనక డిరైలర్‌లో కూరుకున్న మట్టి, గడ్డి గొలుసుని లాగేసి, డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం హ్యాంగర్‌ని విరగ్గొడతాయి. ఆ హ్యాంగర్ మోడల్‌కొక తీరుగా ఉంటుంది, పల్లెటూరి సైకిల్ షాపులో దొరకదు. చక్రం బిగుసుకోగానే దిగి, పుల్లతో గీకి, సైకిల్‌ని భుజానికెత్తుకుని గట్టు మీదికి నడవడమే దారి. తాండూరు, పరిగి వైపు చేల దారుల్లో ఈ గొడవ ఎక్కువ.

అదే జిల్లాలో అనంతగిరి గుట్టల మీద ఎర్రని జేగురు నేల. వాన నీళ్లు త్వరగా దిగిపోతాయి, మర్నాటికి తొక్కొచ్చు. ఎండినప్పుడు మాత్రం గోళీల్లాంటి ఎర్ర కంకర పైన తేలి ఉంటుంది. దిగుడు మలుపుల్లో ముందు బ్రేకు నొక్కితే చక్రం పక్కకి జారిపోతుంది. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి, మలుపులో కాదు.

భువనగిరి, రాచకొండ వైపు గ్రానైటు బండ. ఎండలో టైరుకి మంచి పట్టు, వానాకాలంలో నాచు పట్టిన చోట నిలబడటమే కష్టం. తూర్పు కనుమల్లో మెత్తటి ఎర్రమట్టి, దాని మీద ఆకులు, కింద వేర్లు. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వాన వదలదు, నవంబరులోనూ తుపాను ముప్పు ఎక్కువే. అటువైపుకి మంచి కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి. దక్కన్ పీఠభూమి మీద అక్టోబరు మధ్య నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇక ముళ్లు. చెరువు గట్లు, బీడు భూములు ఎక్కడున్నా సర్కారు తుమ్మ ఉంటుంది. పొలం గట్ల మీద పల్లేరు కాయలు. సర్కారు తుమ్మ ముల్లు మామూలు టైరుని సులువుగా దాటి లోపలే విరుగుతుంది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడిమి ఆ ముక్క తీయకపోతే పది నిమిషాల్లో మళ్లీ గాలి దిగుతుంది. ట్యూబ్‌లెస్ ఉన్నవాళ్లు 29 అంగుళాల టైరుకి 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపలినుంచే పూడ్చే ద్రవం) ఉండేలా చూసుకోండి. మన ఎండలకి అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. గాలి ట్యూబ్‌లెస్‌కి 22 నుంచి 26 పీఎస్‌ఐ, ట్యూబ్ ఉంటే 30 నుంచి 35. అంతకన్నా తగ్గిస్తే రాయికి గుద్దుకున్నప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. గ్రూపంతా ట్యూబులతోనే ఉంటే తుమ్మ ఉన్న చెరువుగట్టు దారిని ప్లాన్‌లోంచి తీసేయడమే మేలు.

5. వెళ్లనిస్తారా?

మ్యాప్‌లో దారి ఉంది కాబట్టి వెళ్లొచ్చని కాదు. రిజర్వు ఫారెస్టు అయితే ఆ రేంజ్ ఆఫీసులో అడగాలి. అభయారణ్యంలోకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వెళ్లకూడదు. టైగర్ రిజర్వులైతే చర్చే అక్కర్లేదు. నల్లమల ఎంత అందంగా ఉన్నా మన సైకిళ్లకి అక్కడి అడవి దారులు కావు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లనే వదలరు. ఆ పేరు జాబితాలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

వికారాబాద్ వైపు పాత జీపీఎస్ ట్రాకు (ఎవరో తొక్కి రికార్డు చేసిన దారి) ఏదైనా దిగుమతి చేసుకుంటే అది దామగుండం అడవిలోంచి పోతుందేమో చూడండి. అక్కడ నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి (వార్తల్లో 'రాడార్ కేంద్రం' అన్నది ఇదే) 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పాత ట్రాకుల్ని నమ్ముకుని అటు వెళ్లొద్దు.

అరకు, లంబసింగి, మారేడుమిల్లి లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో కాగితంతోపాటు మర్యాద కూడా కావాలి. కాఫీ తోటల మధ్య కాలిబాట అందరిదీ కాదు, ఎవరో ఒక గిరిజన రైతుదో, అటవీ అభివృద్ధి సంస్థదో అయి ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా కాయ కోత. తోట మొదట్లో కనిపించినవాళ్లని 'అన్నా, ఇటునుంచి సైకిళ్లు పోవచ్చా?' అని అడిగి, వద్దంటే తిరిగి వచ్చేయండి. ఊళ్లో ఆరబోసిన కాఫీ గింజల పక్కనుంచి పోవాల్సి వస్తే దిగి నడిపించండి.

ఎలుగుబంట్ల సంగతి కూడా ఇక్కడే అడిగి తెలుసుకోవాలి. సీతాఫలాలు పండేటప్పుడు, మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలేటప్పుడు అవి తెల్లవారుజామున చెట్ల కిందే ఉంటాయి. అలాంటి చోట తెల్లారాకే బయల్దేరండి. మలుపుల్లో గంట కొట్టండి, చప్పుడు లేకుండా దూసుకురావడమే ప్రమాదం.

6. మ్యాప్ మీద దారి చదవడం

ఇక్కడికి వచ్చేసరికి రెండు మూడు చోట్లే మిగిలి ఉంటాయి. ఒక్కో చోటికి ఉపగ్రహ చిత్రం, కాంటూర్ గీతలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) మ్యాపు పక్కపక్కన పెట్టుకోండి. ఓపెన్‌టోపోమ్యాప్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.

ఎక్కుడు లెక్క తేలిక. గీతకీ గీతకీ తేడా 20 మీటర్లనుకుందాం. ఒక కిలోమీటరు దారి ఐదు గీతల్ని దాటితే 100 మీటర్లు, అంటే 10 శాతం. కొత్తవాళ్లు మట్టి మీద 6, 7 శాతం దాకా తొక్కగలరు, 10 దాటితే దిగి తోస్తారు. తోయడం తప్పేం కాదు, కాకపోతే కిలోమీటరుకి ఇరవై నిమిషాలని లెక్కలో వేసుకోవాలి.

ఉపగ్రహ చిత్రంలో సన్నని తెల్లగీత కనబడితే అది బాటా, ఎండిన వాగా? వాగు ఎప్పుడూ పల్లాన్నే వెతుక్కుంటుంది, వంకర్లు ఎక్కువ, ఒడ్డున చెట్ల పచ్చదనం ముదురుగా ఉంటుంది. బాట వాలుకి అడ్డంగా పోతుంది, ఏదో ఒక చివర ఊరికో బోరుబావికో చేరుతుంది. ఉన్నట్టుండి మధ్యలో మాయమైతే అది పశువుల బాట, కంచె దగ్గరో తుప్పల్లోనో ఆగిపోతుంది. స్ట్రావా హీట్‌మ్యాప్‌లో మెరిసే గీతలు ఆ యాప్ వాడేవాళ్లు ఎక్కువగా తిరిగిన దారులు, వాటిని కూడా పూర్తిగా నమ్మొద్దు. టూరిస్టు చోట్ల ఆ వెలుగు ట్రెక్కింగ్ వాళ్లది కావచ్చు, మెట్లదారి కూడా అంతే వెలుగుతుంది.

చుట్టుని ఏ వైపు తిప్పాలన్నది ముఖ్యం: ఎక్కడం తారు రోడ్డు మీద, దిగడం మట్టి మీద. ప్రతి ఐదారు కిలోమీటర్లకీ ఆటో వచ్చే రోడ్డుని దాటేలా చూడండి. ఎవరికైనా దెబ్బ తగిలినా, హ్యాంగర్ విరిగినా అక్కడినుంచి బయటపడొచ్చు. అలాంటి చోటు పది కిలోమీటర్ల దాకా లేని దారిని మొదటి ట్రిప్పుకి తీసుకోవద్దు. దారి గీత ఉండే జీపీఎక్స్ ఫైలు ఇద్దరి ఫోన్లలో ఆఫ్‌లైన్‌లో ఉండాలి.

ఒక మాట. తెలుగునాట కనీసం రెండు అనంతగిరులు ఉన్నాయి, వికారాబాద్ దగ్గరిదొకటి, అరకు ఘాట్ మీదిదొకటి. పేరు కొట్టి దింపుకున్న ట్రాకు ఏ జిల్లాదో తెరిచి చూడండి.

అమెరికాలో తొక్కి వచ్చిన మిత్రులు గ్రూపులో ఉంటే అక్కడి ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల వజ్రం గుర్తుల లెక్కలో మాట్లాడతారు. ఇక్కడ దారి మొదట్లో అలాంటి బోర్డులు ఉండవు. 'నీలం స్థాయి' అన్న మాటని శాతాల్లోకీ, రాళ్ల సైజులోకీ మార్చి అడిగించుకోండి.

7. మూడు చోట్లు, ఎవరికి ఏది

హైదరాబాద్ నుంచి మొదటిసారి వెళ్లే గ్రూపుకి వికారాబాద్ అనంతగిరికి మించింది లేదు. చేవెళ్ల, మన్నెగూడ మీదుగా 75, 80 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి రైళ్లూ ఉన్నాయి. ఎక్కుళ్లు చిన్నవి, నేల మంచిది. శనివారం గుట్టల మీద, ఆదివారం ఇరవై కిలోమీటర్ల అవతల కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు తేలికపాటి దారి పెట్టుకోవచ్చు. ఇబ్బందల్లా ఆదివారం జనమే. పదింటికల్లా కార్లు వరసకడతాయి, వ్యూపాయింట్ల దగ్గర సీసాపెంకులు. పెంకు టైరు పక్కగోడని కోస్తే సీలెంట్ ఆపలేదు. పాత టైరులోంచి కోసిన అరచేతి వెడల్పు ముక్క ఒకటి వెంట ఉంచుకుని, లోపలినుంచి అడ్డంపెట్టి ట్యూబు వేయండి.

అరకు అందానికి మొదటి స్థానం, కొత్తవాళ్లకి మాత్రం రెండో ట్రిప్పు. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, లోయ ఎత్తు 900 మీటర్లకి పైనే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. హైదరాబాద్ వాళ్లు రాత్రి రైల్లో వచ్చి వెళ్లాలంటే మూడు రోజుల సెలవు ఉండాలి. వలిసె పూలు పూసే రోజుల్లో, డిసెంబరు శని ఆదివారాల్లో గదులు దొరకవు, ఘాట్ మీద కార్లు బారులు తీరతాయి. అదే నెలలో మంగళ, బుధవారాలకి సెలవు పెట్టగలిగితే అసలైన అరకు కనబడుతుంది. పొద్దున మంచు ఎనిమిదింటి దాకా తొలగదు కాబట్టి ఇక్కడ ఆరున్నర ప్రయాణం లెక్క పనికిరాదు, ఎనిమిదికి మొదలుపెట్టి చుట్టుని కుదించుకోవాలి.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకి హార్స్‌లీ హిల్స్ దగ్గర, దాదాపు 150 కిలోమీటర్లు. 1,250 మీటర్లకి పైబడిన కొండ మీదికి పది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఎక్కడం బాగుంటుంది గానీ చుట్టూ రిజర్వు ఫారెస్టు కావడంతో మట్టిదారులు తక్కువ, ముందు మాట్లాడుకోకుండా వెళ్తే తారు మీదే తిరిగి రావాలి. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి. గట్టిగా నొక్కి వదలండి, కాలిన వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి. డిస్క్‌ని చేత్తో ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది.

8. బస, తిండి, షాపు

గది బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు: సైకిళ్లు రాత్రి గదిలో పెట్టుకోనిస్తారా, బయట పైపు ఉందా, పొద్దున ఎన్నింటికి టిఫిన్. మొదటిదానికి 'పార్కింగ్‌లో పెట్టుకోండి సార్, ఏం కాదు' అన్నారంటే వేరే చోటు చూడండి. టిఫిన్ చాలాచోట్ల ఎనిమిదింటికి గానీ రాదు, కాబట్టి రాత్రే ఇడ్లీ పార్సిలో, అరటిపళ్లు, పల్లీ చిక్కీలో తెచ్చిపెట్టుకోండి. తలకి మూడు లీటర్ల నీళ్లు. దారిలో తాగునీరు దొరికే ఊరు ఏ కిలోమీటరు దగ్గరో మ్యాప్ మీద గుర్తు పెట్టండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఎంత దూరమో కూడా అక్కడే రాసుకోండి. 108కి ఫోన్ చేయడానికి సిగ్నల్ ఉండే చోటు ఎక్కడో బసలోనే అడిగితే చెబుతారు.

పల్లెల్లో పంక్చర్ షాపులు ఉంటాయి, గాలి యంత్రమూ ఉంటుంది, కానీ దాని మూతి మోటారుసైకిల్ వాల్వుకే సరిపోతుంది. మీ సైకిల్‌కి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే బొటనవేలి గోరంత ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. అది కాక ఒక్కొక్కరికి సొంత సైజు ట్యూబులు రెండు, సొంత మోడల్ హ్యాంగర్ ఒకటి. గ్రూపుకి ఒక చైన్ టూల్, తెగిన గొలుసుని కలపడానికి సరిపడే క్విక్ లింకులు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు.

9. గురువారం రాత్రి ఖాయం చేయండి

వారం ముందే రెండు చోట్లు పెట్టుకోండి, నేల వేరువేరుగా ఉండేలా. ఒకటి ఎర్రనేల, ఇంకోటి బండనేల అయితే మంచిది. గురువారం సాయంత్రం బసవాళ్లకి ఫోన్ చేసి 'వాన పడిందా' అని కాకుండా 'నిన్నా ఇవాళా మట్టి రోడ్డు మీద ఆటోలు తిరుగుతున్నాయా?' అని అడగండి. బుకింగ్ పోతుందన్న భయంతో ఏ వానా లేదని చెప్పేవాళ్లు కూడా ఆటోల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. తిరగడం లేదంటే రెండో చోటుకి మారండి. ఇందుకే గురువారం దాకా డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేసుకోవాలి, పది శాతం ఎక్కువైనా సరే.

ఆ రాత్రే గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి: ఏ చోటు, ఎన్నింటికి ఎక్కడ కలవాలి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎక్కుడు, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, ముందు ఎవరు, వెనక ఎవరు. వెనక ఉండే మనిషి గట్టిగా తొక్కగలిగినవాడై, పంపూ టూల్సూ అతని దగ్గరే ఉండాలి. జీపీఎక్స్ ఫైలు ఆ మెసేజ్ కిందే జతచేయండి, శుక్రవారం పొద్దున్నకల్లా తెరిచి చూడనివాళ్లకి ఫోన్ చేసి తెరిపించండి.